మాట రాదని రాసిన కాగితం పట్టుకుని బండ్రికి

భాషాశాస్త్రం పాఠం చెప్పే నన్ను పెళ్ళిళ్ళలో బంధువులు అడిగేది ఒకటే: "దాంతో ఏం పనప్పా?" ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. పోయిన వారం అత్త నా ఫోనుకు పంపిన కాగితం చూశాక నవ్వు పోయింది. మా మేనమామ తిప్పన్న దోణిమలై గనుల రోడ్డులో ముప్ఫై ఏళ్ళు లారీ క్లీనరు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. మాట పూర్తిగా పోయిందనీ, మాట్లాడే శిక్షణ వల్ల లాభం లేదనీ ఆసుపత్రివాళ్ళు రాసిచ్చారు. ఎలా తేల్చారో అడగాలనే బయల్దేరాను.

అనంతపురంలో ఆరింటి బస్సెక్కితే తొమ్మిదికి బళ్ళారి. టికెట్టు రెండొందల లోపే. ఆసుపత్రికి ఆటో అరవై. మామకు మాటపరీక్ష చేసినమ్మాయి బొమ్మల కార్డులు చూపించింది. పియానో, మంచుబొమ్మ, స్ట్రాబెరీ! ఖనిజం దుమ్ములో బతికిన మనిషిని వీటి పేర్లు చెప్పమన్నారట.

"ఏ భాషలో అడిగినారు?"

"కన్నడంలో, ఇంగ్లీషులో సార్. పేషెంట్ ఏమీ అన్లేదు."

"ఆయన ఇంట్లో తెలుగు. అందులో అడగలేదా?"

"ఫారంలో ఆ గడి లేదు సార్."

ఒళ్ళు మండిపోయింది. పక్షవాతం ఒక భాషను దెబ్బతీసి ఇంకోదాన్ని కొంత మిగల్చవచ్చు. ఇది మా శాస్త్రంలో అందరూ చదివే పాఠమే. ఫోనుకు మాట నేర్పడానికి, కోర్టులో వాంగ్మూలం పరిశీలించడానికి పనికొచ్చే శాస్త్రం ఒక రోగి ఇంటిభాష అడగడానికి పనికిరాలేదు. గట్టిగానే అరిచాను. అలాంటి ఫారాలు తయారుచేసేది మాలాంటి చదువుకున్నవాళ్ళేనని మెట్లు దిగుతుంటే తోచి, కోపం ఇంకా పెరిగింది.

సండూరుకు గంటన్నర, అక్కడ బస్సు మారి మామ ఊరు బండ్రి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. స్టాపు నుంచి ఆటో ఎక్కాను.

"తిప్పన్నింటికా? పాపం, మాట పోయిందంట గదప్పా ఆయప్పకి," అన్నాడు డ్రైవరు.

మామ వసారాలో మంచం మీద ఉన్నాడు. అత్త హనుమక్క ఆయన్ని నీళ్ళు కావాలా అని చేత్తో అడిగింది.

"నోటితో అడగవేందత్తా?"

"రాదన్న్యారు గదప్పా. ఇంగ మాట్లాడి ఏం లాభమని అందరం సైగలే చేస్తాండాం."

అంతలో నన్ను దింపిన ఆటో రివర్సులో ఇంటి ముందరి కాలవ వైపు వచ్చింది. మంచం మీంచి ముద్దముద్దగా వినిపించింది: "రానీ... రానీ... ఆపప్పా!"

అత్త గబుక్కున మంచం వైపు తిరిగింది. లారీ వెనక్కి తీయించేటప్పుడు ముప్ఫై ఏళ్ళు వేసిన కేక అది. అలా అలవాటైన కేకలు పక్షవాతం తర్వాత కూడా మిగలవచ్చు, అందుకే వెంటనే సంబరపడలేదు. "మామా, ఎడమ చెయ్యెత్తు," అన్నాను. ఎత్తాడు. చెంబు చూపించి "ఇదేంది?" అన్నాను. చాలాసేపు పెనుగులాడి "చెంబు" అన్నాడు.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "అట్లయితే అన్నీ ఇన్న్యాడా? ఇట్ల బతికేకంటే పోతేనే మేలని ఆయన ముందరే అంటి గదప్పా!"

మామ గోడ వైపు తిరిగాడు.

ఆ కాగితం మామ నోటితో పాటు ఇంటిల్లిపాది నోళ్ళూ మూయించింది. దానికి ఏ ఆసుపత్రీ లెక్క చెప్పదు. మీరెవరినైనా ఇలాంటి పరీక్షకు తీసుకెళ్తే, గడి ఉన్నా లేకపోయినా ఫారం పైన ఇంటిభాష పెద్దక్షరాలతో రాయండి, ఆ భాష మాట్లాడే మనిషి పక్కన లేకుండా పరీక్ష మొదలుపెట్టనివ్వకండి. వాళ్ళేం రాసిచ్చినా సరే, ఇంటికొచ్చాక ఆ మనిషితో మాట్లాడండి. వింటూ ఉంటారు.