వంతెన కింద ఎనిమిదిన్నర అడుగులు

నవంబరు పదిహేడు, ఆదివారం. ఉన్నవాళ్ళు: మా చెల్లెలి భర్త, అంటే బావ, చెల్లి, వాళ్ళ పక్కింటి బర్మా వడ్రంగి, నేను. స్థలం: మా ఊరికి నది అవతలి ఒడ్డున, దలాలో బావ ఇంటి పెరడు. జరిగిన పని: పడవ అడ్డదూలాలను పది అడుగుల నుంచి ఏడున్నరకు తగ్గించడం.

డైరీలో ఆ రోజు పేజీ ఇంతే. అందులో రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

బావ రేవులో వెల్డరుగా రిటైరయ్యాక రెండేళ్ళు కష్టపడి ఆ జంట పడవ కట్టాడు. ప్లైవుడ్డుతో రెండు సన్నటి పడవలు, వాటిని కలుపుతూ రెండు టేకు దూలాలు, మధ్యలో వెదురు తడక, పైన తెరచాప. ఆ దూలాలు సేక్కాన్ పేటలో ఒక పాత గోదాము కూల్చినప్పుడు తెచ్చుకున్నవి. అంత పొడుగు టేకు మాలాంటివాళ్ళకు మళ్ళీ దొరకదు.

అంతా అయ్యాక వంతెన గుర్తొచ్చింది. పెరటి వెనక కాలువ నదిలో కలిసే ముందు ఒక చెక్క వంతెన ఉంది. దాని స్తంభాల మధ్య పడవ పట్టాలి. రోజూ దూలాలు విప్పి కట్టడం అరవై ఎనిమిదేళ్ళ మనిషికి అయ్యే పని కాదు.

"నివ్వెళ్ళి ఆ సందు కొలిచి రా బావా. నివ్వు రాసినాక నేను మళ్ళీ చూడక్కర్లేదు" అన్నాడు బావ. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. మా ఇంట్లో పెళ్ళి రోజులూ, పిల్లల టీకాలూ, తుపాను వచ్చిన తేదీలూ అన్నీ నన్నే అడుగుతారు.

గురువారం టేపు పట్టుకుని వెళ్ళాను. నీరు తీసి ఉంది. స్తంభాల దగ్గరికి వెళ్ళాలంటే మోకాలి లోతు బురదలో దిగాలి. నేను ఇస్త్రీ లుంగీలో ఉన్నాను. గట్టు మీదే నిలబడి, ఒక కన్ను మూసి చూసి, ఎనిమిదిన్నర ఉంటుందనుకున్నాను. డైరీలో మాత్రం 'సుమారు' అని రాయలేదు. 'ఎనిమిదిన్నర అడుగులు' అని రాసి కింద గీత గీశాను.

ఆదివారం వడ్రంగి రంపం చేతిలోకి తీసుకుని నా వైపు చూశాడు. "ఊలే, ఆ సందు అంతకంటే వెడల్పేమో. ఇంకోసారి చూసొద్దామా?" అన్నాడు బర్మా భాషలో. ఊలే అంటే బాబాయి.

"మా బావ రాసినాడంటే ఇంక రాసినాడే, సయా. కొయ్యి" అని బావ నవ్వాడు. సయా అంటే మేస్త్రీ.

చెల్లి వంటగది గుమ్మంలోంచి అంది: "పడవ కట్టీసి అప్పుడు దారి ఎతుక్కున్నోడు ఈయనొక్కడే." తర్వాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అన్నియ్యా, సరీగా కొలిసినావు కదా? పడవ ఇరుకైతే గాలికి తిరగబడతాదంట. ఈయనకి ఈత రాదు."

"కొలిచానమ్మా" అన్నాను.

రంపం ఆడింది. మధ్యాహ్నానికి కొత్త బోల్టులు బిగించారు. పోటు నీటికి పడవను కాలువలోకి దింపి, బావా వడ్రంగీ చెరో తెడ్డూ వేస్తే, నేను గట్టు వెంట నడిచాను. వంతెన కింద పడవకు రెండు పక్కలా మూరేసి ఖాళీ మిగిలింది. బావ తెడ్డు చాపి స్తంభాన్ని తాకాల్సి వచ్చింది.

"పది అడుగులదైనా పట్టీసును కదా బావా?"

"వానలకి స్తంభాలు కదిలుంటాయి" అన్నాను. గురువారానికీ ఆదివారానికీ మధ్య ఒక్క చినుకు పడలేదు.

"అలాగేటి" అని తెడ్డు మళ్ళీ నీళ్ళలో వేశాడు.

కాలువ నదిలో కలిసే చోట తెరచాప ఎత్తారు. గాలి పట్టగానే ఒక పక్క పడవ నీళ్ళు వదిలి పైకి లేచింది. వడ్రంగి ఎగిరి ఆ పక్కకు దూకి కూర్చున్నాడు. బావ రెండు చేతులా తడక పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చాప దించి, తెడ్లతో వెనక్కి వచ్చారు. నేను సాయంత్రం ఫెర్రీకి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న మొదటి ఫెర్రీకి మళ్ళీ దలా వెళ్ళాను. బావ తెరచాప నేల మీద పరిచి సుద్దముక్కతో గీత గీస్తున్నాడు. ఇరుకు పడవ అంత చాపకు ఆగదనీ, మూడో వంతు కోసెయ్యాలనీ వడ్రంగి చెప్పాడట. చెల్లి మిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తోంది. నేను నిలబడే చెప్పాను. కొలవలేదనీ, గట్టు మీంచి చూసి రాశాననీ చెప్పాను.

బావ తలెత్తాడు. "బురద కోసమా?"

"బురద కోసమే."

చెల్లి నా వైపు తిరగలేదు. "నానడిగినాను కదా అన్నియ్యా. ఈత రాదని కూడా సెప్పినాను. నా మొకం సూసి కొలిసానన్నావు."

బావ గీత చివరిదాకా గీసి, సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"దూలాలు కోసీసినాం. ఇంకేటి చేస్తాం. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. చెల్లి కత్తెర తెచ్చి గీత వెంట కోయడం మొదలుపెట్టింది. మేం చాప మడత పెట్టేదాకా ఆయన నన్ను ఒక్కసారి కూడా బావా అని పిలవలేదు.