పప్పు ఉడకని నీళ్ళు

నా కోపం సంగతి మా ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. నేను ల్యాబ్ తలుపు వేసే చప్పుడును బట్టి ఆ రోజు నూనె ఎలా వచ్చిందో గేటు దగ్గర తూకం వేసేవాళ్ళు చెప్పేస్తారట. అబద్ధమని అనలేను. ఇరవై ఏళ్ళుగా ఈ తవుడు నూనె రిఫైనరీలో కెమిస్టుగా ఉన్నాను. ఈ ఇరవై ఏళ్ళలో ఆ తలుపును రెండుసార్లు మార్చారు.

మాది పశ్చిమ గోదావరిలో కాలువ గట్టునే ఉన్న ఫ్యాక్టరీ. చుట్టుపక్కల బియ్యం మిల్లుల నుంచి తవుడు వస్తుంది. మిల్లులో పడ్డ రోజే మా దగ్గరికి చేరాలి, లేకపోతే పులిసిపోతుంది. తవుడులోంచి తీసిన పచ్చి నూనె నల్లగా, జిగురుగా ఉంటుంది. ఆ జిగురు తీయడమే మా పనిలో సగం. ఎన్నో ఏళ్ళు దాన్ని ఒకటే పద్ధతిలో తీశాం. ముందు యాసిడ్ పోసేవాళ్ళం, తర్వాత కాస్టిక్ సోడా. జిగురు పోయేది గానీ దాంతోపాటు మంచి నూనె కూడా కొంత సబ్బుగా మారి కొట్టుకుపోయేది. ఆ సబ్బు నీళ్ళు శుద్ధి చేసే తొట్టెలు ఎప్పుడూ నిండిపోయి, గాలి అటు తిరిగితే పక్క చేలవాళ్ళు ముక్కు మూసుకుని గేటు దగ్గరికొచ్చేవాళ్ళు. వాళ్ళకు సమాధానం చెప్పడానికి నన్నే పంపేవారు. నా ఎడమ మణికట్టు మీద కాస్టిక్ పడిన మచ్చ ఇప్పటికీ ఉంది.

అందుకే ఎంజైముతో జిగురు తీసే పద్ధతి గురించి చదివినప్పటి నుంచి మా ఛైర్మన్ గారి ప్రాణం తీశాను. ఆయనది తరతరాల వ్యవసాయ కుటుంబం. కొత్త విత్తనమైనా ముందు ఒక మడిలో వేసి చూసే మనిషి. రెండేళ్ళు విని విని చివరికి ఒప్పుకున్నారు. "మూడు బ్యాచులమ్మా. మూడూ చూద్దాం. కుదరకపోతే మళ్ళీ ఈ మాట నా దగ్గర ఎత్తొద్దు," అన్నారు. ఆ మాటతో నా రెండేళ్ళ పోరు మూడు బ్యాచులకు వచ్చి ఆగింది. అవి పోతే నేను రిటైరయ్యేదాకా కాస్టిక్కే.

దాళ్వా, అంటే రబీ పంట ధాన్యం మిల్లులకు వచ్చి, తవుడు లారీలు బారులు తీరిన రోజుల్లో ట్రయల్ మొదలుపెట్టాం. రిఫైనరీ పెద్ద ఆపరేటరును నేను బాబాయ్ గారూ అనేదాన్ని. ముప్పై ఏళ్ళ సర్వీసు ఆయనది, నాకు ఈ పని సగం నేర్పింది ఆయనే. ఎంజైమంటే ఏంటండీ అని అడిగితే, పాలకు తోడు లాంటిదని చెప్పాను. నూనెలో నీళ్ళు కలిపి, కాస్త చల్లారాకే దీన్ని పొయ్యాలి, మరుగుతున్న పాలలో తోడు వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది అన్నాను. ఆయన బుర్ర ఊపాడు. మర్నాటికి ఫ్యాక్టరీ అంతా దాన్ని తోడు అనే పిలవడం మొదలుపెట్టారు. లాగ్ బుక్కులో తోడు పోసిన వేళ రాయాలనీ, సంతకం కింద టైము లేకపోతే ఆ సంతకం చెల్లదనీ పదిసార్లు చెప్పాను. అందరికీ అదే చెబుతాను. ఆ పోరు పడలేక కొందరు సెలవు చీటీల మీద కూడా టైము వేసేవాళ్ళు.

మొదటి బ్యాచు పోయింది.

నూనెలో జిగురు ఎంత మిగిలిందో చూడటానికి కొంచెం నూనెను బూడిద చేసి, దానికి మందులు కలుపుతాం. నీలం రంగు వస్తుంది. నీలం ఎంత లేతగా ఉంటే నూనె అంత శుభ్రమన్నమాట. నేను లేత ఆకాశం రంగు కోసం చూస్తుంటే గాజు గొట్టంలో ఇంకు పోసినట్టు వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. శీతాకాలంలో ల్యాబులో గాజు పాత్రల్లో పదిసార్లు చేసి చూసిన పద్ధతి ఇది, ఒక్కసారి కూడా తప్పలేదు. ఎక్కడో ఎవరో ఏదో చేస్తున్నారనుకున్నాను.

రెండో బ్యాచుకు నేనే వెళ్ళి నిలబడ్డాను. మధ్యలో ఫోనొస్తే మాట్లాడటానికి బయటికెళ్ళి తిరిగొచ్చేసరికి, బాబాయ్ గారు నూనె చల్లారే పెద్ద పాత్ర పక్కన నిలబడి దానికి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. అది ఆయన పాత అలవాటు. చెయ్యి ఆనించి మూడు లెక్కపెట్టగలిగితే వేడి సరిపోయినట్టు, లేకపోతే ఇంకా చల్లారాలన్నట్టు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద టెంపరేచరు కనబడుతూనే ఉంది. తోడు అప్పటికే పోసేశాడు. బుక్కులో టైము కూడా రాసేశాడు. సాయంత్రం గొట్టంలో మళ్ళీ అదే ముదురు నీలం.

ఆ నీలం చూశాక నాకు ఒళ్ళు తెలియలేదు. నేరుగా రిఫైనరీకి వెళ్ళి, అందరూ వింటుండగా అరిచాను. చేతి లెక్కతో వేడి నూనెలో తోడు పోసి చంపేశారనీ, తెర మీద వేడి తగ్గిన వేళ తర్వాత చూసుకుని బుక్కులో టైము దిద్దుకున్నారనీ అన్నాను. బాబాయ్ గారూ అనడం కూడా మానేశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "తెర చూశాకే పోశానండి. రాసిన టైము నిజమేనండి మేడం గారూ," అని మాత్రం అన్నాడు. నేను లాగ్ బుక్కు లాక్కుని ఎర్ర పెన్నుతో రాశాను: ఆపరేటరు నిర్లక్ష్యం, రాసిన టైము నమ్మదగింది కాదు. కింద సంతకం, టైము. ఆ బుక్కులో కాగితం చించడానికి వీల్లేదు. ఆ నియమం పెట్టింది కూడా నేనే.

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒంటరిగా కూర్చున్నాను. ఎవరూ నా బల్ల దగ్గరికి రాలేదు, నాకు అర్థమైంది. వంట చేసే ఆవిడ అన్నంలో పప్పు వేసింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే పప్పు బద్దలు పంటికింద కటుక్కుమన్నాయి. ఇంకేం, ఆవిడ మీద కూడా లేచాను. నాలుగు విజిళ్ళు ఎక్కువ పెడితే గ్యాసు అయిపోతుందా అన్నాను. ఆవిడ నాకు భయపడదు. మా అమ్మ ఈడు మనిషి.

"ఎన్ని పెట్టినా అంతేనండి. కాలవకి నీళ్ళాపి కట్టేశారు కదా, ఇప్పుడన్నీ బోరు నీళ్ళేనండి. ఆ నీళ్ళకి పప్పు ఉడకదని మీకు తెలీదేంటండీ?"

నాకు తెలుసు. ఎందుకు తెలియదు? వేసవిలో కాలువలు కట్టేసే ముందు మా అమ్మ పప్పు కోసమని రెండు బిందెలు కాలువ నీళ్ళు పట్టి వేరుగా దాచేది. ఈ ప్రాంతంలో బోరు వేస్తే సున్నం, ఉప్పు కలిసిన నీళ్ళే పడతాయి. ఆ సున్నం పప్పును పట్టుకుని మెత్తబడనివ్వదు. ఎమ్మెస్సీలో అదే సంగతిని పేజీలు పేజీలు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నూనెలోని జిగురునూ సున్నం అలాగే పట్టుకుంటుంది. పట్టుకుంటే ఆ జిగురు ఇక నీళ్ళలోకి దిగదు, నూనెలోనే ఉండిపోతుంది. కంచం అలాగే వదిలేసి పరిగెత్తాను. వెనక నుంచి ఆవిడ, తినే అన్నం వదిలేసి పోతారేంటమ్మా అని కేకలేస్తూనే ఉంది.

రిఫైనరీ కుళాయి నీళ్ళు పట్టుకొచ్చి, సున్నం ఎంతుందో చూశాను. ఎర్ర రంగు వేసిన నీళ్ళు మందు చుక్కలు పడుతుంటే నీలంగా తిరగాలి; ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే సున్నం అంత ఎక్కువన్నమాట. మందు పోసిన బ్యూరెట్టు గొట్టం మొత్తం ఖాళీ అయింది, రంగు తిరగలేదు. బాయిలరుకు వెళ్ళే నీళ్ళకు వేరే శుద్ధి ఉంది, వాటిని రోజూ పరీక్షిస్తాను. నూనెలో కలిపే నీళ్ళను మాత్రం ఒక్కసారీ చూడలేదు. పాత పద్ధతిలో ఎవరూ చూడనక్కర్లేకపోయింది. అంత యాసిడూ కాస్టిక్కూ పోస్తే ఏ నీళ్ళైనా ఒకటే. ల్యాబులో నేను వాడింది డిస్టిల్డ్ వాటరు.

పంపు గదికి వెళ్ళాను. వాల్వు బోరు వైపు తిప్పి ఉంది, గోడ మీద అట్ట ముక్క వేలాడుతోంది. కాలువ కట్టేసిన వెంటనే బోరు వాల్వు తెరవవలెను. పన్నెండేళ్ళ కిందటి నా చేతిరాతే. కింద నా సంతకం, టైముతో సహా. ఆ గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, సిగ్గుతో నిలబడి కాసేపు ఏడ్చాను.

బాబాయ్ గారి దగ్గరికెళ్ళి నీళ్ళ సంగతి చెప్పాను. క్షమించమని మాత్రం నోటితో అనలేకపోయాను. పాతికమంది ముందు అరవగలిగిన నోరు ఒక్క మనిషి ముందు పెగలలేదు. మూడో బ్యాచుకు మూడు వందల లీటర్ల మంచి నీళ్ళు కావాలి, బాయిలరు నీళ్ళు బాయిలరుకే చాలడం లేదు, కాలువ తెరిచేదాకా ఛైర్మన్ గారు ఆగరు, ఏం చెయ్యాలో తోచడం లేదని మాత్రం అన్నాను. ఆయన ఫోను తీసుకుని బయటికెళ్ళాడు.

పొద్దున్నే గేటు దగ్గర ఆటో ఆగింది. అందులో పదహారు మినరల్ వాటర్ టిన్నులు, ముందు సీట్లో డ్రైవరు పక్కన బాబాయ్ గారు. వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు వాళ్ళను లేపి మరీ పట్టించాడట. పెళ్ళివారికి పంపినట్టు పంపారండీ అని గేటు దగ్గరివాళ్ళు నవ్వారు. ఒక టిన్నులోంచి గ్లాసుడు తీసి పరీక్షించాను. రెండు చుక్కలకే నీలం తిరిగింది. పదిహేను టిన్నులు పాత్రలోకి పోశాం. మిగిలిన దాన్ని ఆయనే భుజాన వేసుకుని క్యాంటీన్‌లో ఇచ్చొచ్చాడు.

నూనె చల్లారుతుంటే తెర ముందు నేను, పాత్ర దగ్గర ఆయన. అంకె సరిగ్గా తోడు పొయ్యాల్సిన యాభై రెండు డిగ్రీలకు వచ్చిన క్షణంలో నేను తలెత్తేసరికి, ఆయన పాత్ర మీద నుంచి చెయ్యి తీసి, పొయ్యొచ్చండి అన్నాడు. తెర వైపు చూడనే లేదు.

మధ్యాహ్నానికి గొట్టంలో రంగు వచ్చింది. తెల్ల కాగితం వెనక పెట్టి చూస్తే గానీ నీలం ఉందని తెలియనంత లేతగా వచ్చింది. ఛైర్మన్ గారు ఆ గొట్టాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు తిప్పి చూశారు. మూడింట్లో ఒక్కటే కదమ్మా అన్నారు. నీళ్ళ సంగతంతా చెప్పి, మొదటి రెండూ పోయింది నా వల్లేనన్నాను. ఆయన నవ్వి, నీళ్ళు చూసుకోకుండా నాట్లు వేసినవాడిదే తప్పు, విత్తనానిది కాదు, సాఫ్ట్‌నర్ ఒకటి పెట్టించండి అన్నారు. ఈ ఏడాది పక్క చేలవాళ్ళు గేటు దగ్గరికి ఒక్కసారీ రాలేదు. వేసవిలో పప్పు కూడా మెత్తగా ఉడుకుతోంది, ఎందుకంటే నీళ్ళలో సున్నం తీసేసే ఆ సాఫ్ట్‌నర్ నుంచి క్యాంటీన్‌కు ఒక గొట్టం లాగించాను. వంట చేసే ఆవిడ మాత్రం ఇప్పటికీ నేను రెండో ముద్ద తినేవరకు కాపలా కాసి గానీ కదలదు.

ఆ రోజు ఛైర్మన్ గారు వెళ్ళాక లాగ్ బుక్కు తీసుకుని రిఫైనరీకి వెళ్ళాను. అందరూ అక్కడే ఉన్నారు. అరిచినప్పుడు ఉన్నవాళ్ళే. ఎర్ర సిరాతో రాసిన దాని కింద నీలం పెన్నుతో రాశాను: పై మాట తప్పు. ఆపరేటరు రాసిన టైము నిజం. నీళ్ళు పరీక్షించని లోపం నాది. సంతకం పెట్టి, పైకి చదివి వినిపించి, పుస్తకం ఆయన చేతికిచ్చాను. "నన్ను క్షమించండి బాబాయ్ గారూ," అన్నాను. నా గొంతు నాకే వినబడనంత చిన్నగా వచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. మొదట్నుంచి మళ్ళీ చదివాడు. పుస్తకం నా వైపు తిప్పి, నా సంతకం కింద వేలు పెట్టాడు.

"టైము వెయ్యలేదండి."

కంగారులో నా వాచీ ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

"మూడూ ఇరవై అండి."

నేను తలెత్తి చూడలేదు. ఆయన చెప్పిన టైమే రాశాను.