నీడల లోయ దాటించిన టీచరు

ప్రొద్దుటూరు ప్రెస్సు నుంచి వచ్చిన కట్టకు పురికొస తెంపగానే కొత్త పుస్తకాల వాసన గుప్పుమంది. పిల్లల కోసం నేను రాసిన నవలకు ఇది మూడో ముద్రణ. నీడలను మింగే రాక్షసి ఏలుతున్న లోయలోకి, తప్పిపోయిన తల్లిని వెతుక్కుంటూ దిగిన పన్నెండేళ్ళ పిల్ల కథ. ఆ వాసనకు సుభద్ర టీచరు గుర్తుకొచ్చారు.

ఆమెది జమ్మలమడుగు. పులివెందుల బడిలో మాకు తెలుగు చెప్పేవారు. కోపం వస్తే గొంతు పెంచేవారు కాదు, తగ్గించేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మ జ్వరంతో పోయింది. ఆ నెలలోనే లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో ఈ కథ మొదలుపెట్టాను. పిల్ల లోయ అడుగుకు చేరి, అక్కడే కూలబడిపోతుంది. అంతటితో ఆపేశాను. ఒకరోజు ఆ పుస్తకం టీచరు కంట పడింది. తిట్లు తప్పవనుకున్నాను. ఆమె నిలబడే మొత్తం చదివి, "ఆ పాపను చీకట్లో వదిలేసి నువ్వు యాడికి పోతాండావు మే?" అన్నారు. భోరుమన్నాను. అమ్మ పోయాక నేను ఏడవడం అదే మొదలు.

మరుసటి వారం నాన్న నన్ను బడి మాన్పించాడు. మా ఊరు వేములలో మాకు గొర్రెల మంద ఉండేది. దాన్ని మేపడం ఆయన ఒక్కడివల్ల కాలేదు. మూడోరోజు ఉదయం టీచరు బస్సు దిగి మా దొడ్డి దాకా నడిచివచ్చారు. నాన్నను బతిమాలతారనుకున్నాను. ఆమె బండమీద కూర్చుని, తన దగ్గరే ఉంచుకున్న నా నోటుపుస్తకం తీసి, నా కథ పైకి చదవసాగారు. గొర్రె కాలిలో ముల్లు తీస్తూ విన్న నాన్న చేతులు కాసేపటికి ఆగిపోయాయి.

"వాళ్ళమ్మ దొరికిందా?"

"నాకేం తెలుసన్నా? రాసేది నీ కూతురు గదా," అన్నారు టీచరు.

నాన్న నావైపు చూశాడు. "అమ్మ దొరకదు నాయనా," అన్నాను. "ఆ పిల్ల మాత్రం బయటికొస్తాది."

ఆయన గొర్రెను వదిలి లేచాడు. తలగుడ్డతో మొహం తుడుచుకుని, "మీరు శానా మొండోళ్ళు టీచరమ్మా. రేపట్నుంచి పంపిస్తా," అన్నాడు.

నవల పూర్తిచేయడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఒకసారి దేవత దిగివచ్చి పిల్లను కాపాడినట్టు రాస్తే, టీచరు ఆ పేజీలన్నీ అడ్డంగా కొట్టేశారు. "దాని కాళ్ళతో దాన్నే నడవనీ," అన్నారు. చివరికి నవలలో ఆ పిల్ల, తల్లిని పేరుపెట్టి గట్టిగా పిలిచింది. ఆ పిలుపుకు రాక్షసి కడుపులోని నీడలన్నీ తిరగబడ్డాయి.

జమ్మలమడుగులో పుస్తకం విడుదలైన రోజు, చూపు తగ్గిన టీచరు ముందు వరసలో కూర్చుని, నేను చదువుతుంటే చివరి అధ్యాయం విన్నారు. పిల్ల లోయ గట్టెక్కగానే హాల్లోని పిల్లలంతా లేచి కేకలు పెట్టారు. వాళ్ళతోపాటు ఆమె కూడా లేచి నిలబడ్డారు. నేను పుస్తకం దించి కళ్ళు తుడుచుకుంటే, "ఏడ్వాకు మే, గెలిచినావు!" అని అక్కడి నుంచే అరిచారు. ఆమె గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆమె ఇప్పుడు లేరు. నేనూ బడిలో తెలుగే చెబుతున్నాను. పిల్లలు సగంలో ఆగిపోయిన కథలు తెస్తే ముగింపు చెప్పను, పక్కన కూర్చుంటాను. మొన్న ఏడో తరగతి పిల్ల ఒకతి తన కథ చూపించి, "ఇంతే టీచర్, ఇంగ రాదు," అంది. చదివి, "తర్వాత ఏమైంది?" అన్నాను. ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూసి, పెన్ను మూత తీసింది.