గురుబరపల్లిలో నాన్న సంతకం

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, హోసూరులో మేము అద్దెకున్న పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. యజమాని మంచివాడే. శనివారం లోగా అప్పు ఖాయం చేసుకుంటే ఇల్లు మాకే ఇస్తానన్నాడు. లేకపోతే కొనడానికి బట్టల వ్యాపారి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. ఇల్లు తనఖా పెట్టుకుని అప్పిచ్చే సహకార సంఘం ఒకటి ఊళ్ళో ఉండేది. దానికి కావలసిన కాగితాలన్నీ మా అమ్మ సర్దింది. లేనిదల్లా నాన్న ఒక్కడే.

నాన్నది ఊరూరా తిరిగి మశూచికి టీకాలు వేసే సర్కారు ఉద్యోగం. ఆ ఏడాది ఆయన్ను కృష్ణగిరికి బదిలీ చేశారు. నా చదువు మధ్యలో ఆపడం ఇష్టంలేక అమ్మ, నేను హోసూరులోనే ఉండిపోయాం. ఇంతలో గురుబరపల్లిలో మశూచి కనిపించింది. తనను ఆ ఊరికి పంపారనీ, సెలవు ఇవ్వరనీ నాన్న ఉత్తరం రాశాడు.

శుక్రవారం ఉదయం అమ్మ ఆ ఉత్తరం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని సంఘానికి వెళ్ళింది. సంఘం కార్యదర్శి వయసు మళ్ళినవాడు, మహా కచ్చితమైన మనిషి. ఉత్తరం చదివి పక్కన పెట్టాడు. భార్యాభర్తలిద్దరూ తన కళ్ళ ముందు సంతకం పెడితేనే అప్పు అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"మీ నాయన ఇంటికి ఎప్పుడొచ్చినాడు పాపా?"

"ఉగాదికి వచ్చినాడు. మళ్ళా రాలేదు," అన్నాను.

ఉగాది వెళ్ళి రెండు నెలలైంది. గదిలో కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కార్యదర్శి కాగితాలు మడిచేశాడు.

"ఆయన ఆడ, నువ్వు ఈడ. రేపు ఆయనొచ్చి ఈ అప్పు సంగతి నాకు తెలీదంటే నేనేం చేసేదమ్మా?"

నా నోటివల్లే ఇల్లు పోయిందని నాకు అర్థమైంది. అమ్మ మాత్రం నన్ను ఏమీ అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "బిడ్డ ఉన్నమాటే చెప్పిందయ్యా," అంది. కాసేపు నేలకేసి చూసి, తలెత్తి మెల్లగా అడిగింది.

"మా ఇంటాయన రాలేడు. మీరు రావచ్చు కదా?"

అంత పెద్దమనిషిని ఒక ఆడమనిషి అలా అడగడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన మొహం ఎర్రబడింది. తిడతాడని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన గొడుగు అందుకుంటున్నాడు.

గురుబరపల్లి బస్సులో ఆయన ముందు సీటులో, మేము వెనక. నాన్న ఈపాటికి ఇంకో పల్లెకు పోయి ఉంటే? అమ్మ వేళ్ళు కొంగు అంచును మెలిపెడుతూనే ఉన్నాయి.

నాన్న బడి వరండాలో ఉన్నాడు. ఎదురుగా జనం బారు తీరి ఉన్నారు. గడ్డం పెరిగి, చిక్కిపోయి, నేను వెంటనే గుర్తుపట్టలేకపోయాను. మమ్మల్ని చూసి ఆయన సంతోషపడలేదు, అదిరిపడ్డాడు.

"ఆడే నిలబడండి! దగ్గరికి రావద్దండి!"

సంగతి విన్నాక మా వైపు తేరిపార చూశాడు. అమ్మకూ నాకూ తన చేత్తోనే టీకా వేసి ఉన్నాడు. కార్యదర్శికి మాత్రం, తాను ఎప్పుడు వేయించుకున్నాడో గుర్తు లేదు.

"ముందు చెయ్యి చాపండయ్యా. సంతకం ఆ తరువాత," అన్నాడు నాన్న.

అంత కచ్చితమైన మనిషీ మారుమాట్లాడకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ఆ పని అయ్యాక నాన్న చేతులు కడుక్కొని, కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టాడు. కిందనే అమ్మ పెట్టింది. "నన్ను రేపు ఇంకా యాడికి పంపుతారో నాకే తెలీదయ్యా. ఈమె యాడుంటే అదే నా ఇల్లు," అన్నాడు నాన్న. అప్పటిదాకా బిగబట్టుకున్న అమ్మ అప్పుడు ఏడ్చింది. కార్యదర్శి వరండా నీడలోనే గొడుగు తెరిచి, అటు తిరిగి నిలబడ్డాడు.

మరునాడు అప్పు ఖాయమైంది. ఇల్లు మాదైంది. నాన్న మాతో కలిసి అందులో ఉండడానికి మాత్రం ఇంకా మూడేళ్ళు పట్టింది.

పెద్దయ్యాక నేను పింఛన్ల ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేశాను. "మా అవ్వ మంచంలో ఉందమ్మా, ఈడికి తీసుకురాలేము," అని ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే, పక్క బల్లల వాళ్ళు నియమాలు చెప్పి పంపేసేవారు. నేను మాత్రం "ఇల్లు యాడప్పా?" అని అడిగి, చెప్పులు వేసుకునేదాన్ని.