మాంసం పక్కన పెట్టిన కంప్యూటర్

"...కొత్తదైతే మాత్రం? కొత్త చెప్పులు తెగిపోవా?" అంటోంది బురుల్‌కాన్.

"చెప్పు కాదక్కా, కెమెరా కార్డు. నా కెమెరాలో చూసినప్పుడు ముసలమ్మ చక్కగా మాట్లాడింది. నీ ఇంటికొచ్చాకే ఇట్లా అయింది."

"అంటే మా ఇంటి గాలి పడలేదంటావు."

"నేనేమీ అన్లేదు."

"నువ్వనవులే. నిన్న మూడు పెళ్లిళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఒక్క మచ్చ లేదు. నా పెట్టె బాగానే ఉంది."

"అవి పాత కార్డులో తీసినవి."

"నేననేదీ అదే."

కెమెరామన్ జూమార్ట్ వంటగది గుమ్మంలో టీ గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆమె మరిది ఒమూర్‌బెక్ వైపు చూశాడు, ఈ ఇంట్లో యంత్రాల సంగతి తెలిసినవాడు అతనొక్కడే కదా అన్నట్టు. ఒమూర్‌బెక్ టీ ఊదుకున్నాడు. అది అప్పటికే చల్లారిపోయింది.

మార్చి చివర్లో బాత్మా అనే ముసలమ్మ ఇంట్లో మునిమనవడి కాళ్లకు కట్టిన నలుపు తెలుపు ఉన్నితాడు కోశారు. బిడ్డ తడబడకుండా నడవాలని చేసే వేడుక. ముసలమ్మ అరచేతులు తెరిచి ఏడు నిమిషాలు దీవించింది. పదకొండు రోజులకు పోయింది. జూమార్ట్ తీసిన వేడుకలను కంప్యూటర్‌లో కూర్చి, పాటలు చేర్చి ఇవ్వడం బురుల్‌కాన్ పని. కాపీ పూర్తయిందన్న మాట తెరమీద కనిపించగానే కార్డు చెరిపి అతని చేతికివ్వడం ఆమె అలవాటు. మర్నాడు ఇంకో వేడుక ఉంటుంది. వరుసలో ఈ వేడుక దగ్గరికి వచ్చేసరికి నెల దాటింది. ఆ ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే, పోయిన నలభయ్యో రోజున అందరూ కూర్చున్నప్పుడు అమ్మ దీవెన వినాలని. దీవెన రెండో నిమిషం దాకా ఉంది. తర్వాత ఆకుపచ్చ గళ్లు, గరగరమనే చప్పుడు.

ఒమూర్‌బెక్ నరీన్ పట్టణానికి వేడినీళ్లు పంపే బాయిలర్ హౌస్‌లో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. ఒత్తిడి ముల్లు ఎర్రగీత దాటకుండా చూడటమే అతని ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. అన్న లారీతో ఓష్ పట్టణం దారిలో తిరుగుతుంటాడు, ఇతను అన్న ఇంట్లోనే ఉంటాడు. కిందటి డిసెంబర్‌లో వదిన, ఒక్క వీడియో తయారవడానికి మూడు గంటలు పడుతోందని విసుక్కుంది.

"నాలుగు రోజులు ఆగు వదినా. దీన్ని గుర్రంలా పరిగెత్తిస్తా" అన్నాడు.

"గాడిదలా నడిచినా చాలు. మధ్యలో పడుకోకపోతే."

రష్యన్ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ప్రాసెసర్‌నూ మెమరీనీ తయారుచేసినవాళ్లు పెట్టిన వేగానికి మించి నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని అప్పుడే తెలిసింది. ఒక్కో అంకె పెంచడం, మళ్లీ ఆన్ చేయడం. రెండుసార్లు తెర నల్లబడి లేవలేదు. మూత విప్పి, లోపలి బిళ్ల బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. అది లేచినప్పుడు నలభై మూడేళ్ల మనిషి వంటగదిలోకి వెళ్లి వదినకు బొటనవేలు పైకెత్తి చూపించాడు. కాని వేగం పెరిగేకొద్దీ వేడి పెరిగింది, పరీక్ష పెడితే మెమరీలోంచి కాపీ అయ్యేది అక్కడక్కడా మారిపోయి తప్పులు వచ్చాయి.

అప్పుడు తోచింది బాల్కనీ. చలికాలంలో ఆ ఊరి ఇళ్లలో బాల్కనీయే ఫ్రిజ్. అద్దాల వెనక, చలికాలానికి కోసుకున్న గుర్రం మాంసం రాయిలా గడ్డకట్టి ఉంటుంది. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. పెట్టెను మాంసం మూటల పక్కన పెట్టి, తీగలను కిటికీ సందులోంచి గదిలోకి లాగి, సందులో పాత కంబళి కుక్కాడు. మెమరీ వేగాన్ని ఇరవయ్యారు వందల నుంచి ముప్పయ్యారు వందలకు తీసుకెళ్లాడు. నాలుగు గంటల పరీక్షలో ఒక్క తప్పు రాలేదు. మూడు గంటల పని రెండుంబావుకు దిగింది. ఆ అంకె బాయిలర్ హౌస్‌లో అందరికీ చెప్పాడు. కంప్యూటరంటే తెలియనివాళ్లకు కూడా చెప్పాడు.

మార్చి నెల మధ్యకొచ్చేసరికి బాల్కనీ అద్దాల మీద ఎండ పడసాగింది. "మాంసం కరుగుతోంది, నేలమాళిగలోకి దించు" అంది వదిన. నాలుగు దఫాలుగా దించాడు. చివరి మూట ఎత్తినప్పుడు పెట్టె పక్కకు అంటిన రక్తపు మరకను చేత్తో తుడిచాడు. పెట్టె వెచ్చగా తగిలింది. ఆ వారమే పరీక్ష పెట్టి చూశాడు. పది నిమిషాలకే మూడు ఎర్రగీతలు, అంటే మూడు తప్పులు, వచ్చాయి. కిటికీ మూసినట్టు ఆ పరీక్షను మూసేశాడు. అంకె తగ్గిస్తే బాయిలర్ హౌస్‌లో ఏమని చెప్పాలి? వచ్చేవారం చూద్దామనుకున్నాడు. కంప్యూటర్ ఆగిపోలేదు. అదే అతన్ని మోసం చేసింది, లేదా అట్లా అనుకోవడం అతనికి సుఖంగా ఉండింది. తర్వాతి వేడుకల్లో అక్కడక్కడా ఒక గీత, ఒక చిటుక్కు వస్తే వదిన గొణుక్కుంటూ కత్తిరించేసింది.

మొన్న ఆ ఆకుపచ్చ గళ్లను చూసినప్పుడే, కాపీ చెడింది ఆ వేడెక్కిన పెట్టెలోనేనని అతనికి అర్థమైంది. ఆమె బజారుకు వెళ్లగానే వేగాలన్నీ తీసుకెళ్లి మొదటి అంకెల దగ్గర పెట్టాడు. పెట్టెను గదిలోకి తెచ్చాడు. బాల్కనీలో దుమ్ము ఎక్కువగా ఉందని చెప్పాడు. అందుకే నిన్న మూడు పెళ్లిళ్లూ మచ్చలేకుండా ఎక్కాయి. అందుకే ఇప్పుడు తప్పంతా జూమార్ట్ కార్డు మీద పడింది.

"కార్డు నీది. వాళ్లకు చెప్పాల్సింది కూడా నువ్వే" అంది బురుల్‌కాన్, ఈసారి నెమ్మదిగా.

"చెబితే వచ్చే నెల నన్నెవరు పిలుస్తారక్కా? చనిపోయినావిడ గొంతు పోగొట్టినవాడంటారు. ఈ ఊళ్లో ఇక కెమెరా బయటికి తియ్యగలనా?"

"నేనేం చెయ్యను నాయనా. నాకు మాత్రం బాగుందా?"

జూమార్ట్ కార్డును జేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు. గోరంత నల్లబిళ్ల. దాన్ని వేలితో ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"అమ్మినవాడిని అడుగుతా, మార్చి ఇస్తాడేమో" అని, "మార్చి ఇస్తే మాత్రం ఏముంది" అని తనే అన్నాడు. టోపీ అందుకున్నాడు. "ఒమూర్ అన్నా, నువ్వొకసారి చూడు. కార్డే అని నువ్వంటే నేనిక నోరెత్తను."

ఒమూర్‌బెక్ గిన్నెను బల్లమీద పెట్టాడు. కార్డును ముట్టుకోలేదు.

"కూర్చో జూమార్ట్" అన్నాడు. "వదినా, నలభయ్యో రోజు భోజనానికి నేనూ వస్తాను. ఆ దీవెనను పాడుచేసింది నేనని ముసలమ్మ పెద్దకొడుకుతో నేనే చెబుతాను. ఎట్లా పాడుచేశానో ముందు మీ ఇద్దరికీ చెబుతాను."