లంగరు పట్టిన చేతులు

లంగరును తాకాలంటే బడేసాహెబ్‌కు భయం. జువ్వలదిన్నె నుంచి ఆదివారాలు పగడపు దిబ్బ చూసేవాళ్లను పడవలో తీసుకెళ్తాడు. వాళ్లు నీళ్లలోకి మునిగాక దిబ్బ మీద లంగరు వెయ్యడు, ఇంజను ఆపడు. పైకొచ్చే బుడగల మీదే కళ్లు పెట్టుకుని పడవను మెల్లగా తిప్పుతూ ఉంటాడు. ఒకప్పుడు చూడకుండా వేసిన లంగరుకు, మంచం కోడంత పగడపు కొమ్మ విరిగి వచ్చింది. దాని సందులోంచి చిన్న పీత ఒకటి బయటికొచ్చి ఆయన అరచేతిలో దిక్కుతోచక తిరిగింది.

మొన్న నలుగురు నీటి అడుగున ఉండగా ఇంజను ఆగిపోయింది. పడవ బుడగలకు దూరంగా కొట్టుకుపోసాగింది. “లంగరెయ్యి తాతా, మా ఆయన కిందనే ఉండాడు!” అని పడవలో మిగిలిన అబిగయీలు కేక పెట్టింది. వేస్తే దిబ్బ మీద పడుతుందో, మనిషి నెత్తిన పడుతుందో! బడేసాహెబ్ లంగరును గుండెకు అదుముకుని తనే దూకేశాడు. చెవులు పగిలిపోతున్నా, పాదాలకు ఇసక తగిలేదాకా దాన్ని వదల్లేదు. తాడు బిగిసి పడవ నిలిచింది. దూరంగా బుడగలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

పైకి తేలి పడవ అంచు పట్టుకున్నాక కూడా ఆయనకు వణుకు తగ్గలేదు.

“ఇన్నేళ్లయినా నీళ్లంటే ఇంత భయమా తాతా?”

“నీళ్లంటే కాదమ్మా,” అన్నాడు. “ఈ చేతులంటే.”