కొలవని మూడు సిలిండర్లు

అతన్ని అందరూ కొలతల మేస్త్రి అనేవారు. కార్ల ఇంజన్లు విప్పి బిగించే షెడ్డు అతనిది. చొక్కా జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా సందులు కొలిచే గేజి మాత్రం ఉండాల్సిందే. "మా ఆయన కూరలో ఉప్పు కూడా గేజి పెట్టి చూస్తాడు" అని భార్య ఆటపట్టించేది.

చెల్లెలు అతనికన్నా పన్నెండేళ్లు చిన్నది. అమ్మానాన్నలు పోయాక అతని చేతుల మీదే పెరిగింది. వారమంతా బడి బస్సు నడిపేది. సెలవు రోజున ఊరి బయట పందేల బాటలో, అన్న తయారుచేసిన కారు తోలేది. అంత వేగమంటే భయం లేదా అని ఎవరైనా అడిగితే, "మా అన్నయ్య కొలిచాడండీ" అనేది. ఇక ఆపైన మాట ఉండేది కాదు.

ఆ ఏడాది ఇంజనుకు మరింత సత్తువ కావాలనుకున్నారు. వాల్వులను ఆడించే ఇరుసు, కంపెనీ క్యామ్‌షాఫ్ట్‌ను తీసేసి, బయట దొరికే ఎత్తు ఉబ్బుల క్యామ్‌షాఫ్ట్ తెచ్చారు. క్యామ్ మీది ఉబ్బు నెడితే, రాకర్ అనే చిన్న మీట తూగి వాల్వును తెరుస్తుంది. ఆ మీటలూ మార్చేసి, అదే తోపుకు వాల్వును ఇంకా కిందికి దించే ఎక్కువ నిష్పత్తి రాకర్లు వేశారు. ఏదో ఒకటే మారిస్తే పెద్ద చిక్కుండదు. రెండూ కలిస్తే పెంపు మీద పెంపు. దిగే వాల్వుకూ, పైకొచ్చే పిస్టనుకూ మధ్య సందు చాలినంత ఉందో లేదో నాలుగు సిలిండర్లలోనూ చూడాలి.

మేస్త్రి మొదటి పిస్టన్ మీద మెత్తటి మట్టి ముద్ద పెట్టాడు. ఇంజను పైమూత హెడ్డు బిగించి, ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి, నలిగిన మట్టిని కోసి కొలిచాడు. రెండు మిల్లీమీటర్లకు పైనే ఉంది, చాలినంత. ఈ కొలతకు వాడే మెత్తటి స్ప్రింగులు అతని దగ్గర ఒక్క జతే ఉన్నాయి. మిగతా మూడూ చూడాలంటే ఇంకో మూడుసార్లు విప్పి బిగించాలి. పూట పని. అతనికేమో ఆ ఇంజను గొంతు ఎప్పుడెప్పుడు విందామా అని ఆత్రం.

"అన్నీ చూశావా అన్నయ్యా?" హెల్మెట్ తుడుచుకుంటూ అడిగింది చెల్లెలు.

"చూశా" అన్నాడు.

పందేనికి ముందు జరిగే పరుగులో, మూడో మలుపు దగ్గర ఇంజను ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. ఆమె ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆసుపత్రిలో కళ్లు తెరిచాక ఆమె నోట వచ్చిన మొదటి మాట, "తప్పు నాదే అన్నయ్యా. గేరు తప్పు వేసుంటాను. నీ కష్టమంతా బూడిదలో పోశాను."

అతను ఆమె దుప్పటి సర్దాడు.

తర్వాత ఒంటరిగా ఇంజను విప్పాడు. నాలుగో పిస్టన్ వేరే రకం. కారు పాత యజమాని ఎప్పుడో మార్పించి ఉంటాడు. వాల్వు కోసం దాని తల మీద చెక్కిన గుంటకు లోతు చాలలేదు. చేత్తో తిప్పితే తగలని వాల్వు, వేగంలో తగిలి విరిగింది. ఆ పిస్టన్‌ను గుడ్డలో చుట్టి బీరువా అడుగున దాచాడు. భార్యకు కూడా చెప్పలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. చెల్లెలికి బస్సు ఉద్యోగం పోయింది. మేస్త్రి ఓ పాత కారుకు చేత్తో నడిపే మీటలు అమర్చి, తాళాలు ఆమె ముందు పెట్టాడు. ఆమె వాటిని ముట్టుకోలేదు.

"వద్దన్నయ్యా. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు. ఆ బస్సులో నలభై మంది పిల్లల్ని తిప్పేదాన్ని. తలుచుకుంటేనే వణుకొస్తోంది."

అతను లేచి వెళ్లి గుడ్డమూట తెచ్చాడు. పిస్టన్ ఆమె ఒళ్లో పెట్టాడు. "గేరు కాదమ్మా. ఇదీ సంగతి. నేను కొలిచింది ఒక్క సిలిండరే."

ఆమె వాల్వు దిగబడిన గంటును వేలితో తడిమింది. "మరి నేను అడిగినప్పుడు?"

"అబద్ధం చెప్పాను."

ఆమె పిస్టన్‌ను మళ్లీ గుడ్డలో చుట్టి అతని చేతికిచ్చేసింది. తర్వాత అంది, "కాలు పోయిందని కాదు అన్నయ్యా. రోజూ నన్ను నేనే తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నావు చూడు, అదీ."

వారం తిరక్కుండా వేరే గది చూసుకుని వెళ్లిపోయింది. కారు మాత్రం తీసుకెళ్లింది. మందుల దుకాణానికి సరుకు చేరవేసే పని దొరికిందని భార్య చెప్పింది. వదినతో మాట్లాడుతుంది కానీ అన్న ఊసెత్తదట.

ఆ కారు రోజూ షెడ్డు ముందు నుంచే పోయేది. అందులో ఒక రాకర్ వదులై టకటక కొట్టుకోవడం అతనికి వినబడేది. "ఒకసారి తీసుకురమ్మను, పది నిమిషాల్లో సరిచేస్తా" అని భార్యతో కబురంపాడు. మర్నాడూ కారు ఆగకుండానే పోయింది.

ఒక ఉదయం కారు చప్పుడు లేకుండా నున్నగా సాగిపోయింది. వేరే మేస్త్రి ఎవరో సరిచేశారు. మేస్త్రి ఇంట్లోకి వెళ్లి ఆ మాట భార్యకు చెప్పాడు.

"మంచిదేగా" అంది ఆమె.

"మంచిదే" అన్నాడు. అని, వంటగది గుమ్మం మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.